మనం తవ్వని కాలువ: విజయ సమయంలో దీనమనసు

కష్టకాలంలో ఎలా ప్రార్థించాలో మన సంఘాలకు బాగా తెలుసు. ఇంట్లో ఒకరికి జ్వరం తగ్గకపోతే పాస్టరుగారికి ఫోన్ వెళ్తుంది. ఉపవాస ప్రార్థన మొదలవుతుంది. స్త్రీల సమాజం వారు వచ్చి పక్కన కూర్చుంటారు. వానలు లేక పైరు ఎండితే ఊరంతా మోకరిస్తుంది. అయితే పంట బాగా పండిన ఏడాది, అమ్మాయికి సీటు వచ్చిన రోజు, అబ్బాయికి ఉద్యోగం దొరికిన నెల, ఎన్నికలో మనకు కావలసినవారు గెలిచిన రాత్రి, మందిరానికి కొత్త స్లాబు పడిన ఆదివారం ఎలా ప్రార్థించాలో మనకు అంతగా తెలియదు. ఒక కృతజ్ఞత కూడిక పెడతాం. అందరికీ భోజనం పెడతాం. సెంటరులో ఒక ఫ్లెక్సీ కట్టిస్తాం. ఆ తర్వాత వచ్చే సోమవారం నుంచి మన మనసు ఎటు నడుస్తుందో మాత్రం గమనించం.

ఈ వారం ఆ సోమవారం గురించే మాట్లాడుకుందాం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా జాతీయ రహదారి వెంట ప్రయాణించే వారెవరికైనా ఈ ప్రాంతం ఎంత మారిందో కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా కేంద్రమైంది. విత్తన వ్యాపారం పెరిగింది, కళాశాలలు పెరిగాయి, స్థలాల ధరలూ పెరిగాయి. ఒక తరం క్రితం కూలికి వెళ్లిన కుటుంబాల నుంచి ఇవాళ ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజనీర్లు వస్తున్నారు. ఇందుకు దేవునికి స్తోత్రం చెప్పాలి. దానితోపాటు విజయంలో దీనమనసు అంటే అసలేమిటో, దాన్ని ఎలా నిలుపుకోవాలో వాక్యపు వెలుగులో నేర్చుకోవాలి.

లేఖనం ముందే చూసిన రోజు

ద్వితీయోపదేశకాండములో మోషే ప్రజలతో మాట్లాడే సమయానికి వారింకా యొర్దాను దాటలేదు. ఇల్లు లేదు, పొలం లేదు. అయినా ఆయన వారి ఆకలి గురించి కాక, కడుపు నిండిన తర్వాతి రోజు గురించే ఎక్కువగా కలవరపడ్డాడు. 6వ అధ్యాయంలో ఒక జాబితా ఇస్తాడు: వారు కట్టని పట్టణాలు, వారు నింపని ఇళ్లు, వారు తవ్వని బావులు, వారు నాటని ద్రాక్షతోటలు, ఒలీవ తోటలు. ఇవన్నీ చేతికి వచ్చి తృప్తిగా తిన్నాక, ఐగుప్తులో నుంచి తీసుకొచ్చిన దేవుణ్ని మరచిపోవద్దని చెబుతాడు. 8వ అధ్యాయంలో మళ్లీ అదే మాట. మంచి ఇళ్లు కట్టుకున్నాక, పశువులు, వెండి బంగారాలు పెరిగాక, ఇదంతా నా బలంతోనే సంపాదించానని లోలోపల అనుకునే ప్రమాదం ఉందని హెచ్చరిస్తాడు. సంపాదించడానికి కావలసిన శక్తి కూడా దేవుడు ఇచ్చిందేనని గుర్తుచేస్తాడు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, మోషే విజయాన్ని తప్పుపట్టలేదు. మంచి ఇల్లు, నిండిన గాదె దేవుని వాగ్దానంలో భాగమే. రెండవది, ఆయన గర్వానికి పెట్టిన పేరు మరపు. గర్వం పెద్ద మాటలతో మొదలవదు. జరిగిన కథలో కొన్ని పేర్లు, కొన్ని మెట్లు, కొన్ని మేళ్లు ఒక్కొక్కటిగా జారిపోవడంతో మొదలవుతుంది. చివరికి ఆ కథలో నేను ఒక్కడినే మిగులుతాను.

అందుకే మా మాట ఇది: గర్వం మన విజయం కథను సగమే చెబుతుంది. దీనమనసు ఆ కథను పూర్తిగా చెబుతుంది. విజయ సమయంలో క్రైస్తవ దీనత్వానికి మొదటి పని నిజాన్ని పూర్తిగా చెప్పడం.

కాలువ చెప్పే లెక్క

ఈ మాట మన పొలాల్లోనే అర్థమవుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో వరి పండించే రైతు తన దిగుబడి చెప్పుకుని సంతోషిస్తాడు. కష్టపడ్డాడు కాబట్టి సంతోషించాలి కూడా. కానీ ఆ మడిలోకి వచ్చిన నీటి కథ ఎక్కడ మొదలైంది? తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగే కేసీ కెనాల్‌ను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. అనుకున్న ఆదాయం ఆ కంపెనీకి రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనుక్కుంది. తవ్వించిన కంపెనీకి లాభం దక్కలేదు. పార పట్టి మట్టి మోసిన కూలీల పేర్లు ఎవరికీ గుర్తులేవు. నీళ్లు మాత్రం నేటికీ మన మడిలోకి వస్తున్నాయి. మోషే చెప్పిన తవ్వని బావి మనకు తవ్వని కాలువగా దొరికింది.

నల్లరేగడిలో శనగ వేసే రైతు సంగతీ అంతే. ఈ ప్రాంతంలో ఎన్నో ఏళ్లుగా విస్తారంగా సాగైన జేజీ 11 అనే రకం జబల్పూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి రూపొందించింది. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 మన నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చింది. ఆ స్థానం 1906 నుంచి పనిచేస్తోంది. ఒక రకం పొలానికి రావాలంటే ఎన్నో పంటల కాలాలు ఎదురుచూడాలి. శాస్త్రవేత్తలూ ఆ మళ్లలో పనిచేసిన కూలీలూ అలా ఎదురుచూసిన ఫలితమే మన గోనెసంచిలోకి చేరింది.

ఈ లెక్క రైతుకు మాత్రమే కాదు. ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి వెనుక, తాను చదువుకోలేకపోయినా బిడ్డను తెల్లవారుజామున లేపిన తల్లి ఉంటుంది. ఫీజు ఆలస్యమైనా తరగతిలో కూర్చోనిచ్చిన మాస్టారు ఉంటారు. దుకాణం పెరిగిన వ్యాపారి వెనుక, మొదటి సంవత్సరం అప్పుకు సరుకు ఇచ్చిన హోల్‌సేల్ షావుకారు ఉంటాడు. పౌలు కొరింథు సంఘాన్ని అడిగిన ప్రశ్న, 1 కొరింథీయులకు 4వ అధ్యాయంలో, సూటిగా ఇక్కడికే వస్తుంది. నీ దగ్గర ఉన్నవాటిలో నీవు పొందనిది ఏదైనా ఉందా? పొందినదే అయితే, పొందనట్టు ఎందుకు గొప్ప చెప్పుకుంటావు? ఈ ప్రశ్న మన కష్టాన్ని కాదనడం లేదు. కష్టపడిన చేతులు కూడా పొందినవేనని చెబుతోంది.

దీనత్వం ఏది కాదు

ఇక్కడ ఒక అపార్థాన్ని తొలగించాలి. మన ప్రాంతంలో తగ్గింపు అనే మాటను ఎన్నో తరాలు తప్పుగా వాడారు. పందొమ్మిదవ శతాబ్దంలో నంద్యాల, ఆళ్లగడ్డ, కడప వైపు గ్రామాల్లో సువార్తను ఎక్కువగా అందుకున్నది మాల, మాదిగ కుటుంబాలు. చెప్పులు విప్పి నడవాలని, మంచి బట్ట కట్టకూడదని, తలెత్తి మాట్లాడకూడదని సమాజం వారిమీద రుద్దినదాన్ని కొందరు వినయం అన్నారు. అది అవమానం. దాన్ని దీనత్వం అని పిలిచే హక్కు ఎవరికీ లేదు.

క్రీస్తు దీనత్వం వేరు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఆయన దేవుని స్వరూపం కలిగి ఉండి కూడా తన్ను తానే తగ్గించుకున్నాడని చదువుతాం. ఎవరూ ఆయనను తగ్గించలేదు. తానెవరో పూర్తిగా తెలిసినవాడు కాబట్టే తగ్గించుకోగలిగాడు. యోహాను 13వ అధ్యాయం కూడా అదే చెబుతుంది. తండ్రి సమస్తాన్ని తన చేతికి ఇచ్చాడని ఎరిగి యేసు లేచి, తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. తన విలువ తెలియనివాడు చేసే పని కాదది.

కాబట్టి ఉద్యోగం వచ్చిన బిడ్డ మంచి చొక్కా వేసుకుని తలెత్తి నడిస్తే అది గర్వం కాదు. ఎవరైనా ప్రశంసిస్తే నాదేం లేదండీ అని పదిసార్లు అనడం దీనత్వమూ కాదు. లోపల ఇంకొంచెం పొగిడితే బాగుండునని అనుకుంటూ పైకి వద్దనడం కూడా ఒక రకం గర్వమే. ప్రభువుకు స్తోత్రం, మీ ప్రార్థనలకు వందనాలు అని చెప్పి, సహాయం చేసినవారి పేరు చెప్పి, మామూలుగా పనిలోకి వెళ్లిపోవడం చాలు. దీనత్వాన్ని పైనున్నవాడు కిందివాడి దగ్గర డిమాండు చేయకూడదు. ప్రతివాడూ దేవుని ఎదుట తనకు తాను నేర్చుకోవలసిన పాఠమిది. ఎంత పైకి వెళ్తే అంత ఎక్కువగా నేర్చుకోవాలి.

పొలాన్ని ప్రేమించిన రాజు

విజయం మనిషిని ఎలా మారుస్తుందో చూపే కథల్లో మన రైతు సంఘాలకు బాగా దగ్గరైనది ఉజ్జియా రాజు కథ. 2 దినవృత్తాంతములు 26వ అధ్యాయంలో ఉంది. పదహారేళ్లకు సింహాసనం ఎక్కి యాభై రెండేళ్లు ఏలాడు. దేవుణ్ని వెదికిన కాలమంతా వర్ధిల్లాడు. ఆయన వ్యవసాయాన్ని ఇష్టపడేవాడని, అడవిలో బావులు తవ్వించాడని, పశువుల మందలు, వ్యవసాయదారులు, ద్రాక్షతోట పనివారు ఆయనకు ఉన్నారని లేఖనం ప్రత్యేకంగా చెబుతుంది. కోట బురుజులు కట్టించాడు. బాణాలు, పెద్ద రాళ్లు విసిరే యంత్రాలు చేయించాడు. పేరు దూరదేశాలకు పాకింది.

ఆ పేరు పాకిన కారణాన్ని కూడా లేఖనం అక్కడే చెబుతుంది. స్థిరపడేదాకా ఆయనకు ఆశ్చర్యకరమైన సహాయం అందింది. ఆ వెంటనే మలుపు. స్థిరపడ్డాక మనసు పైకెక్కింది. యాజకులు మాత్రమే చేయవలసిన ధూపం వేయడానికి తానే ఆలయంలోకి వెళ్లాడు. అజర్యా అనే యాజకుడు, ఆయనతో మరో ఎనభై మంది యాజకులు ధైర్యంగా రాజుకు ఎదురు నిలిచి, ఇది నీ పని కాదు, బయటకు వెళ్లమన్నారు. రాజు ధూపార్తి చేతపట్టుకుని కోపంతో మండిపడుతుండగానే నుదుట కుష్ఠు కనిపించింది. మిగిలిన జీవితం వేరొక ఇంట్లో గడిపాడు.

ఇందులో మూడు మెట్లు చూడండి. మొదట సహాయం, తర్వాత స్థిరత్వం, ఆ తర్వాత మరపు. మధ్యమెట్టు దగ్గరే ప్రమాదం. చేయిపట్టి నడిపించే దశ దాటి సొంతకాళ్లమీద నిలబడ్డాక, నడిపించిన చేయి కథలోంచి జారిపోతుంది. అప్పుడు ఒక రంగంలో గెలిచినవాడు అన్ని రంగాల్లో తనమాటే చెల్లాలనుకుంటాడు. వ్యాపారంలో గెలిచిన పెద్ద సంఘ కమిటీలో తీర్పు కూడా తనదే కావాలంటాడు. బాగా ప్రసంగించే సేవకుడు లెక్కలు అడగవద్దంటాడు. గర్వానికి ఒక ముఖ్యమైన గుర్తు ఇదే: హద్దు చూపినవారిమీద కోపం. ఉజ్జియాకు తప్పుచేసిన క్షణంలో కూడా తిరిగి వచ్చే అవకాశం ఉండింది. ఎనభై మంది చెబుతున్నారు. ఆయన వినలేదు.

మన సంఘాల్లో, మన ఇళ్లలో గెలిచినవారికి ఎదురు నిలిచి ప్రేమతో చెప్పగల అజర్యాలు ఉన్నారా? ఉంటే వారిని దూరం పెట్టకుండా ఉంచుకున్నామా?

నంద్యాల చూసిన రెండు గెలుపులు

బైబిలు చెప్పిన ఈ సత్యాన్ని మన ఊరి చరిత్రలోనూ చూడవచ్చు. ఏ పార్టీనీ సమర్థించడానికో, విమర్శించడానికో కాక, పాఠం కోసమే రెండు ఎన్నికలు గుర్తుచేస్తున్నాం.

ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి 1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా నిలిచి వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. 1971లో తన సొంత అనంతపురంలో లోక్‌సభ ఎన్నికలోనూ ఓడారు. ఆ తర్వాత కొన్నేళ్లు వ్యవసాయం చేసుకున్నారు. 1977లో నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున పోటీచేశారు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు వెళ్లగా, జనతాకు దక్కిన ఒక్క స్థానం నంద్యాల. అదే ఏడాది ఆయన లోక్‌సభ స్పీకర్ అయ్యారు. కొన్ని నెలలకే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎనిమిదేళ్ల కిందట ఓడిన అదే పదవికి ఈసారి ఎదురు నిలిచినవారే లేరు. మనిషి ఒక్కడే, కాలం మారింది. ఓడినప్పుడు ఆయన పనికిరానివాడూ కాలేదు, గెలిచినప్పుడు దేవుడూ కాలేదు. గెలుపు మన విలువను నిర్ణయించే తూకం కాదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

రెండవది 1991. ఆ ఏడాది సాధారణ ఎన్నికల్లో పోటీయే చేయని పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యారు. పార్లమెంటు సభ్యుడు కావడానికి నంద్యాల ఉప ఎన్నికలో నిలిచి ఐదున్నర లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. అంత పెద్ద ఆధిక్యం అప్పట్లో రికార్డు. ఆ రికార్డు గురించి ఈ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. అయితే పూర్తి కథలో మరో ఇద్దరున్నారు. ఆళ్లగడ్డ రాజకీయ కుటుంబానికి చెందిన గంగుల ప్రతాపరెడ్డి అంతకుముందే గెలుచుకున్న స్థానాన్ని ఆయన కోసం వదులుకున్నారు. ప్రధాన ప్రత్యర్థి అయిన తెలుగుదేశం అధినేత ఎన్.టి. రామారావు, ఒక తెలుగువాడు ప్రధాని అయ్యాడని, అభ్యర్థిని నిలబెట్టలేదు. ఆ అంకె వెనుక పక్కకు తప్పుకున్నవారి వంతు కూడా ఉంది.

మన గెలుపులను ఇలా పరిశీలిస్తే ఎంతమంది తప్పుకుని మనకు దారి ఇచ్చారో కనిపిస్తుంది. తమ్ముడు చదవాలని బడి మానేసిన అక్క. భర్త బదిలీ కోసం ఉద్యోగం వదిలిన భార్య. కొత్త పాస్టరుకు చోటివ్వాలని వేదిక వదిలి వెనుక బల్లపై కూర్చున్న పాత పాస్టరుగారు. వీరి పేర్లు చెప్పని సాక్ష్యం సగం సాక్ష్యమే.

సంఘం గెలిచినప్పుడు

వ్యక్తులకు వర్తించేది సంఘాలకూ వర్తిస్తుంది. ఆళ్లగడ్డకు దగ్గరలోని ముత్యాలపాడులో పందొమ్మిదవ శతాబ్దం మధ్యకాలంలో ఎస్పీజీ మిషన్ పని మొదలైంది. నంద్యాలలో ఎస్పీజీ హైస్కూలు, హోలీ క్రాస్ కేథడ్రల్ ఆ పని పెరిగిన గుర్తులు. మిషనరీల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. పల్లె పల్లె తిరిగిన ఉపదేశకులు, బైబిల్ స్త్రీలు, పలక మీద అక్షరాలు దిద్దించిన పంతుళ్లలో చాలామంది పేర్లు మాత్రం ఏ శిలాఫలకంమీదా లేవు. రాతిని చెక్కడంలో ఆళ్లగడ్డకు పేరుంది. మనం చెక్కించుకునే ఫలకాలమీద ఎవరి పేర్లు రాయించాలో కూడా ఆలోచించాలి.

ఈ ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు తర్వాత దోర్నకల్ డయోసీస్‌లో భాగమయ్యాయి. దాని అధ్యక్షుడు వి.ఎస్. అజరయ్య. తమిళనాడులోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో ఒక గ్రామ పాస్టరు కుమారుడు. 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముఖ్యపాత్ర వహించి దేశమంతా పేరు తెచ్చుకున్నాక, 1909లో దోర్నకల్ అనే మారుమూల ప్రాంతానికి మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకుని పల్లెల్లో పనిచేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకం పొందారు. బిషప్ అయ్యాక కూడా ఆయన పని పల్లెల మధ్యే. బాప్తిస్మం పొందిన కొత్త విశ్వాసుల చేత తలమీద చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు భావాన్ని పలికించేవారు. అక్షరం రాని కూలీకి కూడా సంఘం పనిలో పూర్తి వంతు ఉందని అలా నేర్పారు. ఎదిగిన నాయకుడు ఇతరులను ఎదగనివ్వడం దీనత్వానికి మంచి రుజువు.

అజరయ్యగారు 1919 తరంగంబాడి సమావేశం నుంచి సంఘాల ఐక్యత కోసం పాటుపడ్డారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. ఆయన దాన్ని కళ్లారా చూడలేదు. విత్తినవాడు ఒకడు, కోసినవాడు వేరొకడు.

ఈ కథకు ఇంకో సగం ఉంది. మద్రాసులో ఐక్యత పండుగ జరిగినప్పుడు నంద్యాల ప్రాంతంలో ఎన్నో ఆంగ్లికన్ సంఘాలు అందులో చేరలేదు. తమ మనస్సాక్షికి తగినట్టు వేరుగా నిలిచాయి. వారు కలవడానికి దశాబ్దాలు పట్టింది. 1970లలో గానీ నంద్యాల డయోసీస్ దక్షిణ ఇండియా సంఘంలో భాగం కాలేదు. ఎవరిది సరి, ఎవరిది తప్పు అని ఇప్పుడు తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. ఒక్క ప్రశ్నే అడుగుతున్నాం. మనం గెలిచి పండుగ చేసుకుంటున్నప్పుడు ఆ పండుగకు రాలేనివారు ఎవరు? కమిటీ ఎన్నికలో ఓడిన వర్గం వచ్చే ఆదివారం ఏ బల్లమీద కూర్చుంటుంది? గెలిచినవారు లేచి వెళ్లి వారి పక్కన కూర్చుంటే, అది వంద ప్రసంగాలకంటే గట్టిగా మాట్లాడుతుంది.

డెబ్బదిమంది సంతోషంతో తిరిగి వచ్చినప్పుడు

విజయంతో తిరిగి వచ్చిన శిష్యులతో ప్రభువు ఎలా మాట్లాడాడో లూకా 10వ అధ్యాయంలో ఉంది. డెబ్బదిమంది వెళ్లి పరిచర్య చేసి ఉప్పొంగుతూ వచ్చారు. దయ్యాలు కూడా లోబడుతున్నాయని చెప్పారు. ప్రభువు వారి ఫలితాన్ని కాదనలేదు. కానీ వారి సంతోషానికి చోటు మార్చాడు. ఆత్మలు లోబడుతున్నందుకు కాక, తమ పేర్లు పరలోకంలో రాయబడి ఉన్నందుకు సంతోషించమన్నాడు.

ఇందులో ఎంతో జ్ఞానం ఉంది. ఫలితం మారుతుంది. ఈ ఏడాది శనగ ధర బాగుంటుంది, వచ్చే ఏడాది పడిపోతుంది. ఈ ఆదివారం మందిరం నిండుతుంది, మరో ఏడాది సగం ఖాళీ అవుతుంది. ఆనందాన్ని ఫలితం మీద కట్టినవాడు దానితోపాటు ఊగుతాడు. దేవుని కృపలో తన పేరుందని తెలిసినవాడు గెలిచినా పొంగిపోడు, ఓడినా కుంగిపోడు. ఆ వెంటనే యేసు తానే ఆత్మలో ఆనందించి తండ్రిని స్తుతించాడని లూకా రాశాడు. సంతోషాన్ని అణచుకోవడం దీనత్వం కాదు. సంతోషం వెళ్లి చేరవలసిన చోటు తండ్రి దగ్గర.

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరా ఇదే చూస్తాం. తన వద్దకు వచ్చే జనం యేసు వైపు వెళ్తున్నారని శిష్యులు బాధపడితే, యోహాను 3వ అధ్యాయంలో ఆయన తనను పెండ్లికుమారుని స్నేహితునితో పోల్చుకుంటాడు. పెళ్లిలో స్నేహితుడి పని పెండ్లికుమారుణ్ని చూసి ఆనందించడం. తన జనం తగ్గుతుంటే ఆనందించగల సేవకుడు మన రోజుల్లో ఎంత అరుదు!

ఇంట్లో, పనిలో, మందిరంలో

దీనమనసు భావంగా ఉండిపోతే నిలవదు. దానికి అలవాట్లు కావాలి. లేఖనమే ఒక మంచి అలవాటు నేర్పుతుంది. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో ప్రథమ ఫలాల గంపతో వచ్చిన రైతు మౌనంగా కానుక పెట్టి వెళ్లడు. యాజకుని ఎదుట తన కుటుంబ చరిత్ర పైకి చెప్పాలి. తన పితరుడు నిలకడలేని పరదేశి అని, ఐగుప్తులో తాము దాసులై శ్రమపడ్డామని, దేవుడు తమ మొర విని ఈ దేశానికి తెచ్చాడని చెప్పి, అప్పుడు ఫలాలు ఇవ్వాలి. ఆ తర్వాత లేవీయుడు, పరదేశి కలిసి ఆ మేలులో సంతోషించాలి.

మన కోత పండుగల్లో ఈ పద్ధతి తిరిగి తెద్దాం. ఒక కుటుంబం ధాన్యం బస్తాతోనో, మొదటి జీతం కానుకతోనో వచ్చినప్పుడు తమ కథను పూర్తిగా చెప్పనిద్దాం. మా తాత జీతగాడిగా ఉండేవాడు, మా అమ్మ మిరపకాయల కూలికి వెళ్లేది, ఫలానా టీచరమ్మ మాకు పుస్తకాలు కొనిచ్చింది, దేవుడు మమ్మల్ని ఇక్కడికి తెచ్చాడు అని. కొందరు పైకి వచ్చాక ఊరు పేరు, తల్లిదండ్రుల పని దాచుకుంటారు. ఇశ్రాయేలీయులు తమ దాస్యాన్ని పండుగరోజు దేవుని ఎదుట బాహాటంగా చెప్పుకున్నారు. సిగ్గుపడవలసింది దాస్యంలో పెట్టినవారు, విడుదల పొందినవారు కాదు. గతాన్ని దాచడం మానితే గర్వానికీ, సిగ్గుకీ ఒకేసారి విరుగుడు దొరుకుతుంది.

ఇంట్లో కూడా మొదలుపెట్టవచ్చు. ఫలితాలు వచ్చిన రాత్రి కుటుంబ ప్రార్థనలో బిడ్డ చేత తనకు సహాయపడిన ఐదుగురి పేర్లు చెప్పించండి. మరుసటి రోజు వారిలో ఒకరి ఇంటికి స్వయంగా పంపించండి. ఫోన్‌లో మెసేజ్ చాలదు. ఫెయిలైన పక్కింటి బిడ్డ చూస్తుండగా టపాకాయలు కాల్చవద్దు. ఆ బిడ్డను భోజనానికి పిలవండి.

పనిలో, మన కింద పనిచేసేవారి కూలి ఆలస్యం చేయకుండా ఇవ్వడం దీనత్వంలో భాగమే. యాకోబు 5వ అధ్యాయం ప్రకారం బిగబట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుంది. పెద్ద కానుక ఇచ్చి పేరు చదివించుకుని, పత్తి ఏరిన ఆడవాళ్ల డబ్బు నిలిపిన రైతు ఏ దేవునికి కృతజ్ఞత చెప్పినట్టు?

మందిరంలో, విజయం పొందినవారికి ముందు వరుస ఇచ్చే అలవాటు మానుకుందాం. సంఘ వార్షికోత్సవ ఫ్లెక్సీల మీద పాస్టరుగారి ఫోటో పెద్దదిగా, ప్రభువు మాట చిన్నదిగా ఉంటే పాస్టరుగారే ముందు అభ్యంతరం చెప్పాలి. లెక్కలు గోడమీద పెట్టాలి. పదవీకాలం ముగిసిన పెద్ద చీపురు పట్టుకుని మందిరం ఊడ్చే పనికి వస్తే, ఆ సంఘం ధన్యమైనది.

శ్రీశైలం నీళ్లు తెలుగు గంగ కాలువలో మన ఆళ్లగడ్డ వైపు పొలాలు దాటి చెన్నై దాకా వెళ్తున్నాయి. కాలువ ఆ నీటిని తనదని ఆపుకోదు. ఆపుకుంటే గట్టు తెగుతుంది. దేవుడు మనకిచ్చిన విజయం కూడా ముందుకు సాగవలసినదే. ఈ సంవత్సరం మీ ఇంట్లో ఒక మేలు జరిగి ఉంటే, దాని కథను ఈ వారమే ఒకసారి కూర్చుని పూర్తిగా రాయండి. ఎవరు తవ్వారో, ఎవరు నాటారో, ఎవరు పక్కకు తప్పుకున్నారో రాయండి. అన్నిటికీ పైన దేవుని పేరు రాయండి. తర్వాత ఆ జాబితాలో బతికున్నవారి తలుపు తట్టండి. వారిలో ఎవరికైనా మీ అవసరం ఉంటే, మీకు కలిగిన విజయం ఇంకా ఎవరిదాకా వెళ్లాలో అక్కడే తెలుస్తుంది.